నీకు కాక ఇంకెవరికి

పెద్దకర్మ ముగిసినది. దూరపు బంధువులు బస్సువేళకు లేచిపోయిరి. వంటవాండ్రు గుండిగలు కడిగించుకొని బండికెత్తించుకొనుచున్నారు. అద్దెకు తెచ్చిన కుర్చీలు ఒకదానిపై నొకటి పేర్చబడుచున్నవి. పేర్చగా మిగిలిన నాలుగైదింటిని వేపచెట్టు నీడకు లాగికొని కూర్చుండిన అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, వారితోబాటు ఒకరిద్దరు మేనమామలు, పోయినవారి మంచితనమును, చివరిదినములలో వారు అడిగి వండించుకొన్న వంకాయకూరను తలచుకొని కన్నులు తుడుచుకొనుచుండగా, వారిలో నొకరు గొంతు సవరించుకొని, ఎవరివైపును చూడక, "నాన్న నాతో ఒక మాట అన్నాడు" అని ఆరంభింతురు. అంతవరకు ఆ చెట్టుక్రింద నున్నది దుఃఖము. దానిని అందరును సమముగనే పంచుకొనుచుండిరి. ఆ వాక్యముతో ఆస్తి వచ్చి ఒక కుర్చీలో కూర్చుండును.

ఆ మాట యేదని అడిగినచో, గోదావరీతీరమునుండి పాలమూరు వరకు ఇంచుమించుగ ఒక్కటే జవాబు వచ్చును: "నీకు కాక ఇంకెవరికిరా" అన్నాడు. ఈ వాక్యమును ఒకపరి నిదానముగ పరిశీలింపుడు. ఇది వాగ్దానము కాదు, ప్రశ్న. ఏ చేను, ఎన్ని సెంట్లు, ఏ సర్వే నంబరు, ఎప్పుడు, ఎవరి ఎదుట అనునవి ఇందు లేవు. క్రియ లేదు గనుక కర్తయు లేడు. ప్రశ్న వేసినవాడు వెళ్ళిపోయెను, జవాబు చెప్పుకొన్నవాడు విన్నవాడే. క్రియ యున్నచోట మాత్రము స్పష్టత యేమున్నది? గ్రంథభాషలో 'ఇచ్చెదను' అనిన భవిష్యత్తు, 'ఇత్తును' అనిన తద్ధర్మము, అనగా స్వభావమును తెలుపునది. వ్యవహారభాష ఈ రెంటిని కలిపివేసి 'ఇస్తాను' అను నొక్క రూపముతో సరిపెట్టుకొన్నది. తండ్రి 'ఇస్తాను' అన్నప్పుడు ఒకనాడు ఇచ్చెదనని చెప్పెనో, తాను ఇచ్చు గుణము గలవాడనని చెప్పుకొనెనో, ఆ పూటనే అడిగి తేల్చుకొన్న కొడుకును నేనింతవరకు చూడలేదు. అడుగుట మర్యాద కాదు. అడుగకపోవుటచేత వచ్చు నష్టము ఇరువదియేండ్ల తరువాతగాని తెలియదు.

అయినను ఆ మాట అబద్ధమని నేననను. చెప్పిననాడు చెప్పినవారి హృదయములో అది సత్యమే. నేను చెప్పదలచినది వేరు: ఆ మాట ప్రేమచేత పుట్టినను, సంసారములో జీతమువలె పనిచేయును. పట్నములో చదువుకొనుచున్న తమ్ముని ఫీజులకొరకు తాను బడి మాని అరక పట్టిన పెద్దకొడుకు. పెండ్లిమాట వచ్చినప్పుడెల్ల 'అమ్మను ఎవరు చూస్తారు' అను ప్రశ్నకు తానే జవాబై మిగిలిపోయిన కూతురు. పిల్లలు లేని పెదతండ్రి ఇంట పెరిగి ఆయనకు ముసలితనమున చేతికఱ్ఱయైన కుఱ్ఱవాడు. ఇల్లరికమునకు వచ్చిన అల్లుడు: వీరెవ్వరికిని నెలజీతము లేదు. ఎవరైన పాలేరునకు ఏడాదికింతయని మాటాడి, ఉగాదికి లెక్క చూచి పంపుదురు గాని, ఇంటివానికి లెక్క చూచుట అవమానము. కావున లెక్కకు బదులుగ మాట. వేపచెట్టుక్రింద అన్నదమ్ములు దానిని వాటా అందురు. ఆ మాట నమ్మి పాటుపడినవాడు దానిని బకాయి అనుకొనును. ఒకే చేనును గూర్చి రెండు వేరు చిట్టాలు తెరచుకొని కూర్చుండిన వారికి కూడికలు ఎట్లు కలియును?

నా బాల్యమున మా మాతామహుల గ్రామమున ఒక ఇల్లటపుటల్లుడుండెను. మామకు ఒక్కతే కూతురు. అక్క కొడుకునే తెచ్చుకొని పిల్లనిచ్చి ఇంట నుంచుకొనెను. వచ్చునప్పుడు ఆ యువకుడు తన తండ్రిగారి రెండెకరముల పొలమును తమ్ములకు వదలి, కట్టుబట్టలతో, ఒక కోడెదూడతో వచ్చెనని చెప్పుకొనెడివారు. మామ కున్నది మెట్ట. ఆతడు మూడు వేసవులు రాతినేలను త్రవ్వి, త్రవ్వించి, నీరు తెచ్చెను. అప్పటినుండి దానికి 'బావిచేను' అని పేరు. హద్దురాళ్ళు గూడ ఆతడే మోసికొనిపోయి పాతెను. పెండ్లియైన నాల్గవయేట, ఎవరును ఎదురుచూడని విధమున, అత్తగారికి మగపిల్లవాడు పుట్టెను. పురుడు వచ్చిన దినమున మామ అల్లుని భుజముమీద చేయివేసి, నలుగురు వినుచుండగా, "వాడు పుడితే ఏమైందిరా, పెద్దకొడుకువు నువ్వే. బావిచేను నీకు కాక ఇంకెవరికి" అనెను. అల్లుడు తలవంచుకొని "అదేం మాట మామయ్యా" అనెను. కథ ఇంతవరకు ఎంత సొగసుగ నున్నదో చూడుడు. తక్కినదానిని కడపట చెప్పెదను.

ఇల్లటము కేవలము గ్రామముల వాడుక కాదు. కుమారులు లేని గృహస్థుడు కూతునకు పెండ్లిచేసి అల్లుని ఇంట నిలుపుకొని, వ్యవసాయము నడిపినందులకు ప్రతిఫలముగ ఆస్తియందు కుమారునితో సమానమైన భాగమును ఒప్పుకొను ఆచారము, ఆంధ్రదేశములోని కొన్ని రెడ్డి, కమ్మ కుటుంబములలో చిరకాలమునుండి కలదని మదరాసు హైకోర్టు 1880 దశాబ్దపు తొలినాళ్ళలోనే అంగీకరించినది. ధర్మశాస్త్రములలో నీ ఇల్లటపుటల్లునికి స్థానము లేదు. ఇతడు దత్తపుత్రుడు కాడు; కన్నతండ్రి ఇంట తనకుగల హక్కును ఇతడు కోల్పోడు; మామకు తరువాత కొడుకు పుట్టినను ఆతనితో సమానభాగము పొందును. ఇదంతయు శాస్త్రమువలన గాక, ఆచారమువలనను ఒప్పందమువలనను వచ్చినది. జీతమను మాట నేను తెచ్చిపెట్టినది కాదనుటకు ఇదియే సాక్ష్యము: పనికి ప్రతిఫలముగ వారసత్వము అను భావమును మన రైతులు ఏనాడో కనిపెట్టిరి, న్యాయమూర్తులు తరువాత గుర్తించిరి. కాని మామ బ్రదికియుండగా భాగము పంచుమని నిలదీయు హక్కు, ప్రత్యేకమైన ఒప్పందమున్ననే తప్ప, ఆ అల్లునికి లేదు. 1956 జూన్ 17న అమలులోనికి వచ్చిన హిందూ వారసత్వ చట్టములోని ప్రథమశ్రేణి వారసుల పట్టికలో కొడుకు, కూతురు, భార్య, తల్లి మొదలగువారున్నారు, అల్లుడు లేడు. అనగా ఇల్లటపుటల్లుడు నేడు నిలువవలసినది ఒప్పందముమీద. ఒప్పందము నిలువవలసినది రుజువుమీద. రుజువు, చాల ఇండ్లలో, పురిటిదినమున భుజముమీద పడిన చేయి మాత్రమే.

పూర్వకథలలో ఈ విషయమున అందరికంటె బుద్ధిమంతుడు ఎవరని నన్నడిగినచో దాశరాజు పేరు చెప్పుదును. శంతను మహారాజు తన కూతును వలచి వచ్చినప్పుడు, ఆ పల్లెపెద్ద పొంగిపోలేదు. ఈమెకు పుట్టువానికే రాజ్యము దక్కవలెనని షరతు పెట్టెను. యువరాజు వచ్చి 'నాకు రాజ్యము వద్దు' అని మాట ఇచ్చినను తృప్తిపడక, 'నీవు సత్యసంధుడవే, నీకు పుట్టబోవువారి సంగతి యేమి' అని అడిగెను. ఏ పట్టణపు ప్లీడరును అంతకంటె మంచి ప్రశ్న అడుగజాలడు. ఆ ప్రశ్నకు జవాబుగ పుట్టినదే భీష్మప్రతిజ్ఞ. మాటకు మాట తప్ప కాగితము లేని కాలమున మాట అంత బరువు మోయవలసివచ్చెను. దశరథుడును అట్టి మాటయే యిచ్చెను. కైకను వివాహమాడునప్పుడు ఆయన కేకయరాజునకు రాజ్యమునే శుల్కముగ వాగ్దానము చేసెనని చిత్రకూటమున రాముడే భరతునితో చెప్పినట్లు వాల్మీకి వ్రాసినాడు. రెండు వరముల సంగతి ఎఱిగిన మనలో ఈ మూడవ మాట నెఱిగినవారు తక్కువ. ఒకే రాజ్యము ఒక పెండ్లిలో ఒకరికి మాట ఇయ్యబడి, సభలో వేరొకరికి ప్రకటింపబడినది. మన పల్నాటిలో సవతిసోదరులు గురజాల, మాచర్లలుగ భాగము పంచుకొనిరి. కోడిపందెమున ఓడిన మలిదేవులు ఏడేండ్లు ఊరువిడిచి తిరిగివచ్చి తమ భాగము తమకిమ్మని అడుగుటకు పంపిన రాయబారి అలరాజు, ఎదుటిపక్షపు నలగామరాజునకు స్వయముగ అల్లుడు. ఆ అల్లుడు విషప్రయోగమునకు లోనై మరలి రాలేదని కథ. కారెంపూడి యుద్ధమునకు మూలము వెదకినచో, ఆ పల్నాడు గూడ అనుగురాజునకు వెలనాటివారి పిల్లతో అరణముగ వచ్చినదే యని చెప్పుదురు.

శాస్త్రము మాటకంటె పుట్టుకను నమ్మినది. కల్యాణి చాళుక్యుడైన ఆఱవ విక్రమాదిత్యుని కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి వ్రాసిన మితాక్షర, పితృపితామహుల ఆస్తియందు కుమారునికి జన్మతోడనే స్వత్వము కలుగునని సిద్ధాంతము చేసెను. దానిని పదుమూడవ శతాబ్దిలో 'విజ్ఞానేశ్వరీయము'గ తెనిగించిన కేతనయే 'ఆంధ్రభాషాభూషణము'ను గూడ రచించెను. మన భాషకు తెలుగులోనే లక్షణము చెప్పిన తొలి గ్రంథమును, వాటాలు చెప్పిన గ్రంథమును ఒకే చేతినుండి వచ్చుట నాకెప్పుడును వింతగ తోచును. మితాక్షర సిద్ధాంతములో నుండి పుట్టు ఒక చిక్కును మాత్రము సామాన్యులు గమనింపరు. తాతలనాటి పొలమునందు తండ్రి తన వాటాకు మాత్రమే ప్రభువు. కొడుకుల వాటాను ఒకరికి మాట ఇచ్చుటకు ఆయనకు అధికారము లేదు. 'బావిచేను నీకే' అన్నవాడు, తనదికాని భాగమును గూడ కలిపి ఇచ్చుచున్నాడేమో ఎవరు చూచిరి? స్వార్జితమయ్యెనా, ఆయన ఇచ్ఛ.

పిఠాపురపు వ్యాజ్యమును ఇచట స్మరింపకుండ ముందునకు పోరాదు. రాజా గంగాధర రామారావుగారు సంతానము లేక వేంకటగిరివారి బిడ్డను దత్తు చేసికొనిరి. దత్తత యనగా నేమి? సంస్థానమునకు నీవే వారసుడవని హోమాగ్ని ఎదుట చెప్పుట. తరువాత 1885లో ఔరసుడు జన్మించెను. 1890లో రాజావారు దివంగతులగునాటికి వీలునామా యొకటి వ్రాసియుంచిరి. అందు సంస్థానమును ఔరసునికి ఇచ్చిరి. దత్తపుత్రుడు దావా వేసెను. జ్యేష్ఠునికి అవిభాజ్యముగ చెందవలసిన జమీందారీని వీలునామాతో మఱొకరికి ఇయ్యవచ్చునా అను ప్రశ్న సముద్రము దాటి ప్రీవీ కౌన్సిలునకు పోయినది. విరుద్ధమైన ఆచారము రుజువు కానియెడల ఇయ్యవచ్చునని 1899లో వారు తీర్పు చెప్పిరి. ఆ విధముగ సంస్థానము నిలుపుకొన్న ఔరసుడే సూర్యారావు బహద్దరుగారు. 'సూర్యరాయాంధ్ర నిఘంటువు'ను పోషించినవారు. హోమాగ్ని ఎదుటి మాట ఓడి కాగితము గెలిచిన సంస్థానపు ధనముతోనే తెలుగుమాటల కన్నిటికి అర్థములు వ్రాయింపబడినవి. దీనిని నేను నిందగ చెప్పుటలేదు. ఆ నిఘంటువును నిత్యము తెరచువాడను.

మాటను చట్టము అసలే వినదా అని అడుగువారి కొరకు 1872నాటి కాంట్రాక్టు చట్టములోని 25వ సెక్షనును చూపవలెను. ప్రతిఫలములేని ఒప్పందము చెల్లదని చెప్పుచు, దానికొక మినహాయింపు నిచ్చినది: దగ్గఱి బంధువుల నడుమ సహజమైన ప్రేమాభిమానములచేత చేసిన వాగ్దానము చెల్లును. ప్రేమను గుర్తించిన చట్టము! కాని వెంటనే షరతు: అది వ్రాతలో నుండవలెను, రిజిస్టరు కావలెను. ఒకడు ప్రేమతో తన కొడుకునకు వేయి రూపాయలిత్తునని వ్రాసి రిజిస్టరు చేయించిన చెల్లునని ఆ చట్టమే ఉదాహరణ మిచ్చినది. ఇంక ఆస్తి బదిలీ చట్టము, 1882నాటిది, ఇంతకంటె కఠినము. ఒకనికి వారసత్వముగ రావచ్చునను ఆశను ఆతడు అమ్ముటకు గాని ఇతరులకు బదిలీచేయుటకు గాని వీలులేదని అది ఆఱవ సెక్షనులోనే తేల్చివేసెను. బ్రదికియున్నవాని ఆస్తియందు కాబోవు వారసునికి ఉన్నది ఆస్తి కాదు, ఆశ. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమని మనవారు ఏకవాక్యముగ చెప్పినదానికి ఇది సెక్షను రూపము. స్థిరాస్తి దానమునకు ఇద్దరు సాక్షులతో రిజిస్టరైన దస్తావేజు కావలెను. స్వాధీనములో నున్నానుగదా యని ధైర్యపడుటకు గూడ వ్రాతలో నొప్పందముండవలెను.

వీలునామా ఒక్కటియే ఈ గుంపులో పేదవాని స్నేహితుడు. దానికి స్టాంపు అక్కఱలేదు, తెల్లకాగితము చాలును, రిజిస్ట్రేషను విధి కాదు. వ్రాసినవాని సంతకమును, అది చూచి సంతకము చేసిన ఇద్దరు సాక్షులును ఉండవలెను. అంత సులువైనది గనుకనే అంత చపలమును అయినది. కన్ను మూయువరకు ఎన్నిమారులైనను మార్చవచ్చును, కడపటిదే చెల్లును. నేనెఱిగిన ఒక పెద్దమనిషి తన మామిడితోటను ముగ్గురు కొడుకులలో ఒక్కొక్కరికి, మిగిలినవారికి తెలియకుండ, ఒక్కొక్క సంక్రాంతికి వ్రాసి చూపి, మరల తీసికొని పెట్టెలో పెట్టుకొనెడివాడు. ముగ్గురును ఆయనను కడపటివరకు బాగుగ చూచుకొనిరి. ఇది కపటమని మీరందురు. నేను మాత్రము ఆయన ముఖములోని భయమును గూడ చూచితిని. దస్తావేజు చేసి ఇచ్చివేసిన మరునాటినుండి అన్నము పెట్టువారి స్వరము మారిన ఇండ్లు ఆయన వీథిలోనే రెండున్నవి. ముసలితనమున ఆస్తికంటె ఆస్తిని గూర్చిన మాట బలమైన కఱ్ఱ; ఇచ్చిన పిమ్మట చేతిలో నేమి మిగులును? 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము, చూచుకొందురను షరతుమీద చేసిన దానమును, ఆ షరతు తప్పినయెడల రద్దుచేయు అధికారము ట్రిబ్యునలునకు ఇచ్చినది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక తల్లి తన కుమారునికి వ్రాసిన దానపత్రమును ఆ చట్టముక్రిందనే రద్దుపరచినది. మాట తప్పుట ఏకపక్షముగ జరుగదు: పెద్దలు ఆస్తి విషయమున, పిన్నలు అన్నము విషయమున తప్పుదురు.

ఆడపడుచులకు మనము చేసిన వాగ్దానము వేఱొక జాతిది. వారితో 'నీకు కాక ఇంకెవరికి' అని ఎవ్వరును అనలేదు. 'నీ పుట్టిల్లు ఎక్కడికి పోతుందమ్మా' అనిరి. పసుపుకుంకుమల క్రింద అరయెకరమో, పదిసెంట్లో పెండ్లిపందిరిలో పెద్దల ఎదుట ప్రకటించుట, ఆ భూమిని అన్నయే దున్నుచు పండుగకు చీరయు, రెండు బస్తాల ధాన్యమును పంపుట, దస్తావేజు మాట ఎత్తినచో 'మేమేమైనా పరాయివాళ్ళమా' అని నొచ్చుకొనుట తరతరములుగ జరిగినవి. రిజిస్టరు కాని ఆ పసుపుకుంకుమ పొలము అమ్మకమునకు వచ్చిననాడు అన్నకు గుర్తుండదు, అన్న కొడుకులకు తెలియనే తెలియదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వారసత్వ చట్టమును సవరించి కుమార్తెకు పుట్టుకతో సమాన హక్కు నిచ్చినది. 1985 సెప్టెంబరు 5 నుండి అది అమలు, కేంద్రము చేసినదానికి ఇరువది యేండ్లు ముందు. అయితే ఆ దినమునాటికి పెండ్లియైన వారికి ఆ హక్కు లేదు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు 1984లో మాఘమాసపు ముహూర్తమున పెండ్లియగుటచేత సున్న, చెల్లెలికి మఱుసటి సంవత్సరము చివర నగుటచేత వాటా. ముహూర్తము పెట్టిన పురోహితునికి తాను ఆస్తి పంచుచున్నానని ఏమి తెలియును? 2005 సెప్టెంబరు 9నాటి కేంద్ర సవరణ ఆ వ్యత్యాసమును తొలగించెను. ఆనాటికి తండ్రి బ్రదికియుండవలసిన పనిలేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టపరచెను. ఆ తీర్పులోనే మఱొక వాక్యము మన విషయమునకు ప్రాణమువంటిది: నోటిమాటగ పంపకములు ఎప్పుడో అయిపోయినవను వాదమును సులభముగ అంగీకరింపరాదు, ప్రభుత్వ పత్రముల బలమున్న అరుదైన సందర్భములలోనే తప్ప. ఇన్నాళ్ళు ఆడపిల్ల నోరు మూయించుటకు పనికివచ్చిన నోటిమాట అక్కడ తన విలువను కోల్పోయినది. ఇందులకు నేను సంతోషించితిని, దాచుకొనను.

ఆ సంతోషమునకు పూర్వచరిత్రగ నెల్లూరు తులసమ్మను తలచుకొనవలెను. 1931లో భర్త పోయినపిమ్మట మనోవర్తికై మరదితో వ్యాజ్యమాడి, 1949లో రాజీపడి, బ్రదికినంతకాలము అనుభవించుటకు మాత్రమే కొంత ఆస్తి పొందిన ఆ వితంతువు, అందు కొంతభాగమును 1961లో అమ్మగా, అమ్ముటకు నీకేమి హక్కని మరల ఆయనే కోర్టు కెక్కెను. మనోవర్తికి బదులుగ వచ్చినది 1956 చట్టముతో ఆమెకు సంపూర్ణ హక్కే అయినదని 1977లో సుప్రీంకోర్టు తేల్చినది. 'బ్రదికినంతకాలము' అను మాట ఇచ్చినవానికి ఔదార్యముగను, పుచ్చుకొన్నదానికి గొలుసుగను ఎట్లు తోచునో ఆ నలుబదియాఱేండ్ల కాలమును చూచిన తెలియును.

భూమి చవుకగ నున్నంతకాలము మాటలు నిద్రించును. పూర్వము గ్రామమున ఎవరి పొలము ఎవరికి నోటితో పంచబడినదో కరణమునకు తెలియును. ఆయన ఆ జ్ఞానమును ధర్మముగ వాడెనా, అమ్ముకొనెనా యనునది వేరు సంగతి. 1984లో ఆ ఉద్యోగములు రద్దయినవి. నోటి పంపకములకు చివరి సాక్షి ఇంటికి పోయెను. తరువాత రోడ్లు వచ్చెను, ప్లాట్లు వచ్చెను. రాజధాని నిమిత్తము 2015లో అమరావతి ప్రాంతమున 29 గ్రామములలో 30 వేల ఎకరములకు పైగా భూమి సమీకరింపబడినప్పుడు, చెల్లించునది పాసుపుస్తకములో పేరున్నవారికి. పేరు తాతదిగనో, పెద్దన్నదిగనో ఉండుటయు, దున్నినవారు వేరగుటయు మన పొలములకు క్రొత్తగాదు. అమెరికాలో నున్న తమ్ముడు ఇరువదియేండ్లుగ తలచుకొనని చేను వీడియో కాలులోనికి వచ్చును. "అన్నయ్యా, నాకు డబ్బు ముఖ్యం కాదు, ప్రిన్సిపులు" అని ఆతడు ఆరంభింపగానే మనము ప్రక్కగదికి పోవుట మంచిది.

నా మాట కోర్టుమాట కాకూడదని, ఒక ముచ్చట మాత్రము చేర్చెదను. కుటుంబసభ్యులు తమలో తాము సద్బుద్ధితో చేసికొన్న సర్దుబాటు నోటిమాటగ నున్నను చెల్లునని, జరిగిపోయినదానిని జ్ఞాపకార్థము వ్రాసికొన్న కాగితమునకు రిజిస్ట్రేషను అక్కఱలేదని సుప్రీంకోర్టు 1976లో చెప్పియున్నది. అనగా అందరును బ్రదికియుండి, అందరును వినుచుండగా, అందరును ఒప్పుకొన్న మాటకు చట్టము ఇప్పటికిని తలవంచును. ఒకరి చెవిలో ఒకరు చెప్పిన మాటకే దానికి చెవుడు.

ఇక బావిచేను సంగతి. మామ వీలునామా వ్రాయలేదు, దస్తావేజు చేయలేదు, పొలముగట్టున పడి ఒకనాటి సాయంకాలము పోయెను. మగపిల్లవాడు అప్పటికి పందొమ్మిదేండ్లవాడు. పెద్దమనుషులు కూర్చుండిరి. తల్లికి, కొడుకునకు, కూతునకు భాగములు చెప్పిరి. అల్లునకు విడిగ చెప్పుటకు వారికేమియు కానరాలేదు. కూతురి భాగము బావిచేనులో పల్లపువైపు ఎకరము. బావి కొడుకు వాటాలోనికి వచ్చినది. అల్లుడు నోరు విప్పలేదు. ఆయన భార్య గుమ్మములో నిలిచి, "బావి మా ఆయన తవ్వాడు" అనెను. తమ్ముడు చెడ్డవాడు కాడు, అక్క అన్నదానిలోని న్యాయమును అంగీకరించి, అందరి ఎదుటనే, "తవ్వాడక్కా, నేనేమైనా కాదన్నానా? కూలి ఎంతయిందో లెక్క చెప్పు, ఇచ్చేస్తాను" అనెను. ఆమె లోనికి పోయెను. పెద్దమనుషులలో ఒకరు ఆ కుఱ్ఱవాని మంచితనమును మెచ్చుకొనుట నాకు స్పష్టముగ జ్ఞాపకమున్నది.

మఱునాడు కరణము గొలుసు పట్టించి కొలిపించెను. ఈశాన్యపు మూల హద్దురాయి దొరకలేదు. మట్టి పేరుకొని కప్పబడిపోయినది. ఇరుప్రక్కలవారు రెండుచోట్ల చూపిరి. అంతవరకు తుమ్మచెట్టుక్రింద కూర్చుండియున్న అల్లుడు లేచి, బావిగట్టునుండి అడుగులు లెక్కించుకొనుచు నడచి, పదునేడవ అడుగున ఆగి, కాలిబొటనవ్రేలితో నేలను గీచి, "ఇక్కడ చూడండి" అనెను. జానెడు త్రవ్వగానే గడ్డపార రాతికి తగిలినది. ఆ రాయి ప్రకారము గట్టు మఱి రెండడుగులు పల్లపువైపునకు జరిగినది, బావమఱదికి లాభముగ. ఆయన బావిలోనుండి చేదతో నీరు తోడుకొని, కాళ్ళు కడుగుకొని, మిగిలిన నీటిని గట్టుమీది బంతిమొక్కకు పోసి, చేదను యథాస్థానమున బోర్లించి, ఇంటికి నడచెను.